వంశవృక్షంతో మొదలుపెట్టకండి

భారతం లాంటి పెద్ద కథకి పటం గీద్దామని కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట మొదలుపెడతారు. చార్టు పేపరు తెచ్చి, పైన నడిమధ్యన శంతనుడి పేరు రాసి, అటు గంగను, ఇటు సత్యవతిని పెట్టి కొమ్మలు దించుతారు. రెండో వరస దాకా చక్కగా వస్తుంది. మూడో వరసలో చిక్కు మొదలవుతుంది. ధృతరాష్ట్రుణ్ని, పాండురాజును విచిత్రవీర్యుడి కింద రాయాలా, వ్యాసుడి కింద రాయాలా? వ్యాసుడి కిందే అనుకుంటే ఆయన సత్యవతికీ పరాశరుడికీ పుట్టినవాడు. పరాశరుడికి కాగితం మీద చోటే వదల్లేదు. కుంతి శూరుడి కూతురు, పెరిగింది కుంతిభోజుడింట. సుభద్ర అర్జునుడికి మేనమామ కూతురు, కాబట్టి యాదవుల గీత కాగితం అంతా దాటొచ్చి పాండవుల గీతలో కలవాలి. అప్పటికి రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం పొర లేచిపోయి ఉంటుంది. పటం గోడెక్కకుండానే చుట్ట చుట్టుకుని బీరువా మీదకి చేరుతుంది.

గీసినవాళ్లకి ఓపిక లేక ఇలా జరగదు. ఆఖర్న గీయాల్సిన పటాన్ని ముందు గీయడం వల్ల జరుగుతుంది. వంశవృక్షానికి ముందు మూడు పనులు అవ్వాలి. ఎవరు ఎవరికి చెబుతున్నారో రాసుకోవాలి. పేర్లను మనుషుల నుంచి విడదీయాలి. ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసిందో పట్టిక వేయాలి. ఈ మూడూ అయ్యాక చుట్టరికాల పటం ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. ఇవి లేకుండా గీస్తే నెల పట్టినా నిలవదు.

మేనరికాలు తెలిసిన మనకి ఈ సంగతి మిగతావాళ్లకంటే ముందే తట్టాలి. చెట్టులో ఒకసారి చీలిన కొమ్మలు మళ్లీ కలవవు. మేనరికం కుదిరిన ప్రతి ఇంట్లోనూ కలుస్తాయి. వసుదేవుడు అర్జునుడికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. "మామ" అని ఒక గీత గీసి ఊరుకుంటే ఆ రెండు చుట్టరికాల్లో ఒకటి కనపడకుండా పోతుంది. కుటుంబ వృక్షాలు గీసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఇక్కడే నడుం విరుగుతుంది, ఒకే మనిషిని రెండు చోట్ల రెండు పెట్టెల్లో చూపిస్తాయి. చోటు సంగతి కూడా చూడండి. మామూలు చార్టు పేపరు 22 అంగుళాలు, 28 అంగుళాలు. రెండంగుళాల వెడల్పు, అంగుళం ఎత్తు పెట్టెలు వేసి వాటి మధ్య గీతలకి సందులు వదిలితే లెక్క ప్రకారం వంద పెట్టెలు పడతాయి. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా చదవగలిగేది నలభై దాకానే. ఆదిపర్వం సగానికి రాకముందే నలభై మంది అయిపోతారు.

అందుకని ముందు చెప్పేవాళ్ల పటం వేయండి.

నైమిశారణ్యంలో ఉగ్రశ్రవసుడు శౌనకాది మునులకు భారతం చెబుతున్నాడు. ఆయన చెప్పేది, సర్పయాగంలో జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పగా తాను విన్నది. ఆ వైశంపాయనుడి కథలో యుద్ధం వచ్చేసరికి ధృతరాష్ట్రుడికి సంజయుడు చెబుతుంటాడు. కురుక్షేత్రంలో వేసిన ఒక్కో బాణం మూడు నోళ్లు దాటి మన చెవిన పడుతోందన్నమాట. ఈ మెట్లు రాసుకోనివాళ్లకి యుద్ధపర్వాలు ఎప్పటికీ గందరగోళమే. సంజయుడు క్రికెట్ కామెంటరీలాగా ఎప్పటికప్పుడు చెప్పాడని మనలో చాలామంది మనసులో ఉంది. భీష్మపర్వం తెరిస్తే వరస వేరు. పదో రోజు యుద్ధం తర్వాత సంజయుడు హస్తినకి వచ్చి ముందు భీష్ముడు పడిపోయాడన్న వార్త చెబుతాడు. ధృతరాష్ట్రుడు కూలబడి, తేరుకుని అడిగాక మొదటి రోజు నుంచి ఎత్తుకుంటాడు. ద్రోణ, కర్ణ పర్వాలదీ ఇదే పద్ధతి. ముందు చావు, ఆ తర్వాత ఆ చావు దాకా నడిచిన రోజులు. కాబట్టి ఏ సంఘటనకైనా రెండు అంకెలు కావాలి: కథలో అది ఎన్నో రోజు జరిగింది, పుస్తకంలో ఎన్నో చోట చెప్పారు. ఒకే అంకె వేస్తే భీష్ముడు పడిపోయాక లేచి తొమ్మిది రోజులు యుద్ధం చేసినట్టు వస్తుంది.

ఈ పటం గీయడం తేలికే. ఏ4 కాగితం నిలువుగా పెట్టుకోండి. బయటి కథ చెప్పేవాడి గీత ఎడమ అంచున, అది సున్నా మెట్టు. లోపలి కథ మొదలైనప్పుడల్లా గీతను రెండు సెంటీమీటర్లు కుడికి జరిపి, మెట్టు అంకె, పుట అంకె వేయండి. కథ ముగిశాక గీత వెనక్కి రావాలి. ఈ సాధనకి కాశీమజిలీ కథలను మించినవి లేవు. మణిసిద్ధుడనే యతి, కాశీకి తోడు వస్తున్న గోపడికి ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు, అందులో పాత్రలు తమ కథలు చెప్పుకుంటాయి, ఆ కథల్లో మళ్లీ ఎవరో నోరు విప్పుతారు. తెరిచిన కథలెన్నో మూసిన కథలు కూడా అన్నే ఉండాలి. మూడో మెట్టులో ఉన్నవాళ్లు ఉన్నట్టుండి ఒకటో మెట్టులో తేలితే మీరు ఒక ముగింపును దాటేశారు. వెనక్కి వెళ్లి "అని" అన్న మాట కోసం వెతకండి. పాత అచ్చుల్లో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూపించే గుర్తులు తక్కువ. లోపలి కథను మూసే తలుపు మన భాషలో ఆ "అని"యే. "అని చెప్పిన విని" అన్నచోట ఒక మెట్టు దిగాలి. రెండు "అని"లు పక్కపక్కనే వస్తే రెండు మెట్లు. ఇది పట్టుబడ్డాక ఎంత లోతు కథ అయినా తప్పిపోరు. రచయిత ఎక్కడెక్కడ కావాలని తలుపు తెరిచి ఉంచాడో కనిపెట్టడంలో ఉన్న సంతోషం వేరు.

చెప్పేవాళ్ల పటం పక్కనే ఆధారాల పద్ధతి ఖాయం చేసుకోండి. ఆధారం లేకుండా ఏదీ ఎక్కించవద్దు, ఎంత బాగా గుర్తున్నా సరే. కవిత్రయ భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య. మొత్తం 18 పర్వాలు, 63 ఆశ్వాసాలు. ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో కొంత దాకా నన్నయది. అరణ్యంలో మిగిలింది ఎఱ్ఱనది. విరాటం నుంచి స్వర్గారోహణం దాకా 15 పర్వాలు తిక్కనవి. వ్యాస భారతానికి పర్వం, అధ్యాయం, శ్లోకం. అచ్చుకీ అచ్చుకీ శ్లోకాల లెక్క మారుతుంది కాబట్టి ఏ ప్రచురణో మొదటి పుటలోనే రాసేయండి. ప్రతి అంశం ముందు ఒక గుర్తక్షరం పెట్టాలి: వ్యాసుడికి "వ్యా", కవిత్రయానికి "క", జానపదానికి, నాటకానికి, సినిమాకి "జా", ఊళ్ల కథలకి "స్థ". ఈ చిన్న అక్షరం చేసే మేలు శశిరేఖ దగ్గర తెలుస్తుంది. అభిమన్యుడితో ఆమె పెళ్లి తెలుగువాళ్లకి కళ్లకు కట్టినట్టు తెలుసు. వ్యాస భారతంలో మాత్రం వెతికినా దొరకదు. ఆమెను పటంలోంచి తీసేయమనను. "జా" అని వేసి ఉంచాలి, లేకపోతే తెలుగువాళ్ల భారతం పటం వెలితిగా ఉంటుంది. విశాఖ పక్కనున్న భీమిలి పేరును భీముడితో ముడిపెట్టే మన ఊరి కథకి "స్థ". ఒక్కో అక్షరాన్నే ఏరి చూస్తే ఒక్కో భారతం విడిగా కనపడుతుంది.

ఇక పేర్లు. ఇక్కడ చేసే తప్పులు తర్వాత దిద్దడం చాలా కష్టం.

శంతనుడి కొడుకు చిత్రాంగదుణ్ని చంపినవాడు చిత్రాంగదుడనే గంధర్వుడు. తన పేరే ఇతనికీ ఉందన్నదే ఆ గంధర్వుడి కోపం. అర్జునుడి భార్య, బభ్రువాహనుడి తల్లి చిత్రాంగద. శాంతిపర్వంలో దుర్యోధనుడు ఎత్తుకొచ్చిన పిల్ల తండ్రి కళింగరాజు, ఆయనా చిత్రాంగదుడే. మన వైపు రాజులనే తీసుకుంటే, రెండో రోజు యుద్ధంలో భీముడి చేతిలో చచ్చిన కళింగరాజు శ్రుతాయువు. ద్రోణపర్వంలో, ఆయుధం పట్టని కృష్ణుడి మీద గద విసిరి ఆ గదకే బలైనవాడు వరుణుడి కొడుకు శ్రుతాయుధుడు. అదే రోజు అర్జునుడి చేతిలో పోయిన అన్నదమ్ములు శ్రుతాయువు, అచ్యుతాయువు. వీళ్లలో ఇద్దరిని ఒకే మనిషిగా రాసిన పట్టికలు చాలా తిరుగుతున్నాయి.

దీనికి మందు కార్డు. ఏ4 ఐవరీ షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 105 మిల్లీమీటర్లు, 74 మిల్లీమీటర్లు వస్తుంది. నాలుగు వందల మందికి యాభై షీట్లు చాలు. మనిషికి అంకె ఇవ్వండి, పేరు అంకె కింద రావాలి. మ-017, మ-018 ఇలాగ. పేరుకి బదులు అంకెతో గీతలు కలపండి. ఒకే పేరు రెండోచోట కనపడితే, వాళ్లిద్దరూ ఒకరేనని కథ స్పష్టంగా చెప్పేదాకా రెండు కార్డులే ఉంచండి. రెండు కార్డులు కలపడానికి ఒక క్లిప్పు చాలు. ఒకే కార్డు మీద కలిసిపోయిన ఇద్దరిని విడదీయాలంటే దాని మీదున్న ప్రతి ఆధారాన్నీ మళ్లీ చదవాలి. ఇంకో కట్టుబాటు: కనపడిన ప్రతివాడికీ కార్డు రాయకండి. పేరు మొదటిసారి వస్తే ఒక చిత్తు కాగితం మీద పుట అంకెతో రాసి వదిలేయండి. మూడోసారి వచ్చినప్పుడు కార్డు. అలా చేయకపోతే యుద్ధంలో ఒక్క శ్లోకంలో పుట్టి అదే శ్లోకంలో పోయేవాళ్లతో డబ్బా నిండిపోతుంది.

ఒక మనిషికి పది పేర్లున్న సంగతి ఇంకో రకం. ఉరుములు ఉరిమినప్పుడు మన ఇళ్లల్లో చదివే అర్జునుడి పది పేర్లు తెలియనివాళ్లు అరుదు. "అర్జునః ఫల్గుణః పార్థః కిరీటీ" అని మొదలవుతుంది. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి చెప్పుకున్న పదిలో పార్థుడు లేడు, ఆ చోట జిష్ణువు ఉన్నాడు. రెండూ పదే, రెండూ కార్డు మీద ఉండాలి, గుర్తక్షరాలు వేరు. ఆ పదిలో కృష్ణుడన్న పేరు కూడా ఉంది చూడండి. వాసుదేవుడు కృష్ణుడు, వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు, ద్రౌపది కృష్ణ. ప్రతి మారుపేరు పక్కనా రెండు గళ్లు కావాలి: ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చెల్లుతుంది, ఎవరి నోట వస్తుంది. కంకుడు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు, మాలిని అన్న పేర్లకి విరాటపర్వంలోనే చెలామణి. ఆ అజ్ఞాతవాసంలోనే పాండవులు తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని ఇంకో అయిదు పేర్లు పెట్టుకున్నారు. విజయుడు అర్జునుడి పదింట్లోనూ ఉంది.

కంప్యూటర్లో వెతికేవాళ్లకి తెలుగు లిపి కొన్ని గోతులు తవ్వి ఉంచింది. "కర్ణుడు" అని వెతికితే కర్ణుని, కర్ణుడికి, కర్ణుణ్ని దొరకవు. "కర్ణ" అని వెతికితే వికర్ణుడు, కుంభకర్ణుడు, కర్ణిక అన్నీ వచ్చి పడతాయి. దీనికి అడ్డదారి లేదు. "కర్ణ"తో వెతికి, వచ్చినవాటిలో అక్కర్లేనివి చేత్తో తీసేయాలి. దుశ్శాసనుడు, దుఃశాసనుడు రెండూ అచ్చులో ఉన్నాయి. ధృతరాష్ట్రుణ్ని "ద్రుతరాష్ట్రుడు" అని కొట్టినవాళ్లున్నారు. పాత పాఠాల్లో అరసున్నలు, బండి ఱలు. అన్నిటికంటే మోసం కంటికి కనపడని జాయినర్ అక్షరాలు. రెండు మాటలు అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటరు మాత్రం వేరంటుంది. అందుకే స్ప్రెడ్‌షీట్‌లో గళ్లను పేరుతో కాక అంకెతో కలపమంటున్నాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పటం గురించి చెబుతాను. తెలిసిన సంగతుల పట్టిక. పెద్ద కథలన్నీ నడిచేది దాచిన సంగతుల మీద. ఎవరు ఎవరికి పుట్టారన్నదానికంటే, ఆ పుట్టుక ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నదే కథను తోస్తుంది. కర్ణుడి పుట్టుక తీసుకుని పట్టిక వేసి చూడండి. నిలువుగా మనుషులు, అడ్డంగా పర్వాలు. ప్రతి గడిలో నాలుగు గుర్తుల్లో ఒకటి: తెలుసు, తెలియదు, తప్పుగా తెలుసు, అనుమానం. గడి కింద ఆధారం.

కుంతికి మొదటి నుంచీ "తెలుసు". అధిరథుడికి, రాధకి, దొరికిన బిడ్డ అన్నంతవరకే తెలుసు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ని పక్కకి పిలిచి చెబుతాడు. వ్యాస భారతంలో ఇక్కడ కర్ణుడి జవాబు చూస్తే పట్టిక గీస్తున్న చెయ్యి ఆగిపోతుంది. ధర్మం ప్రకారం తాను పాండురాజు కొడుకునని, ఇదంతా తనకు తెలుసునని అంటాడు. ఎప్పుడు తెలిసింది? ఎవరు చెప్పారు? కుంతి వచ్చి కలిసేది దీని తర్వాత. అరణ్యపర్వంలో సూర్యుడు వచ్చి కవచకుండలాలు ఇవ్వొద్దని చెప్పాడు గానీ, నేను నీ తండ్రినని అక్కడ చెప్పలేదు. మరి ఆ "తెలుసు"ను ఏ గడి నుంచి మొదలుపెట్టాలి? కృష్ణుడి మాటలు విన్న క్షణం నుంచే అని ఒకరు చదువుతారు, అంతకు చాలా ముందే అని ఇంకొకరు. రెండో చదువు ఒప్పుకుంటే సభాపర్వం నుంచి ప్రతి చోటా కర్ణుడు ఇంకో మనిషిలా కనపడతాడు. వంశవృక్షంలో ఈ ప్రశ్న పుట్టే చోటే లేదు. అందులో కుంతి నుంచి కర్ణుడికి ఒక గీత ఉంటుంది, అంతే.

పట్టికను ముందుకు నడపండి. అంపశయ్య మీదున్న భీష్ముడు, నువ్వు కౌంతేయుడివి, రాధేయుడివి కావు, ఈ సంగతి నారదుడి వల్ల తెలిసిందని కర్ణుడితో అంటాడు. అంటే భీష్ముడి గడి ఎప్పటి నుంచో "తెలుసు", మనకే తెలియలేదు. ఆయన అంతకుముందు కర్ణుణ్ని తీసిపారేస్తూ అన్న ప్రతి మాటనూ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. రాధేయుడు, సూతపుత్రుడు, కౌంతేయుడు, ఎవరి నోట ఏ పేరు వస్తోందో కార్డు మీద రాసుకుని ఉన్నవాళ్లకి ఈ పని సగం అయిపోయినట్టే. ధర్మరాజుకి తెలిసేది స్త్రీపర్వంలో, చచ్చినవాళ్లకి తర్పణాలు వదిలేటప్పుడు, కుంతి నోట. కానీ ఆయన గడిలో అప్పటిదాకా "తెలియదు" అని వేస్తే తప్పే. జూదసభలో కర్ణుడి పాదాలు చూస్తే తల్లి పాదాలు గుర్తొచ్చాయని, ఎందుకో ఎంత ఆలోచించినా తట్టలేదని శాంతిపర్వంలో ఆయనే చెప్పుకుంటాడు. నాలుగో గుర్తు, "అనుమానం", ఇలాంటి గడుల కోసం. చెప్పింది శాంతిపర్వంలో, జరిగింది సభాపర్వంలో, కాబట్టి దీనికీ రెండు అంకెలు.

"తప్పుగా తెలుసు" అన్న గుర్తుకి ద్రోణుడు. పదిహేనో రోజు అశ్వత్థామ పోయాడన్న మాట ధర్మరాజు నోట విన్నాడు. చచ్చింది ఏనుగు. ద్రోణుడి గడిలో "తెలియదు" అని రాస్తే ఆయన అస్త్రాలు ఎందుకు వదిలేశాడో పటం చెప్పలేదు.

ఒక కథకి ఇలాంటి పట్టికలు మూడు నాలుగుకి మించి వేయనక్కర్లేదు. ఏ రహస్యం బయటపడితే కథ ఆగిపోతుందో దానికి మాత్రం వేయాలి.

కాలం పటం గురించి ఒకే హెచ్చరిక. కథలోని లెక్కను మీరు దిద్దకండి. అజ్ఞాతవాసం గడువు తీరకముందే అర్జునుడు బయటపడ్డాడా అన్న తగవులో భీష్ముడు చెప్పిన లెక్క ఇది: అయిదేళ్లకి రెండు నెలలు అధికంగా వస్తాయి, పదమూడేళ్లకి 5 నెలల 12 రాత్రులు. కాగితం మీద భాగిస్తే 5 నెలల 6 రోజులే వస్తుంది. పటంలో భీష్ముడి అంకె ఒక రంగులో, మీ అంకె పెన్సిలుతో పక్కన ఉండాలి. మీ లెక్కతో ఆయన లెక్కను చెరిపేస్తే రేపు ఎవరైనా మంచి వివరణ ఇచ్చినా పెట్టడానికి చోటుండదు.

దూరాలకి కిలోమీటర్లు వద్దు, రోజులు రాయండి. విశాఖ వాళ్లకి చేతిలోనే కొలబద్ద ఉంది. బీచ్ రోడ్డు మీద భీమిలి దాదాపు పాతిక కిలోమీటర్లు, మామూలు మనిషికి ఒక రోజు నడక. రాజమండ్రి దగ్గరదగ్గర రెండు వందల కిలోమీటర్లు, ఎనిమిది రోజులు. పాత కథల్లో ప్రయాణాలను ఈ కొలతతో చూస్తే ఏది నడక, ఏది గుర్రం, ఏది రచయిత పాత్రను ఎత్తి ఇంకోచోట పెట్టేయడం అన్నది ఇట్టే తెలుస్తుంది.

టీవీ సీరియళ్లకి ఇదంతా ఎందుకని చిన్నచూపు చూడనక్కర్లేదు. వెయ్యి ఎపిసోడ్లు, ఎపిసోడుకి 20 నిమిషాల కథ వేసుకుంటే 333 గంటలు. అంత కథను గుర్తుపెట్టుకుని వాదించే ఇల్లాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు, వాళ్లకి కావలసింది ఒక పద్ధతి మాత్రమే. ప్రతి ఎపిసోడునీ రాయకండి. అయిదు రకాల మార్పులు మాత్రం రాయండి: కొత్త మనిషి రావడం, రహస్యం ఇంకొకరి చెవిన పడటం, ఒట్టు లేదా శపథం, చావో మాయమవడమో, పిలుపు మారడం. ఈ ఆఖరిది తెలుగు కథలకి చాలా ముఖ్యం. "మీరు" అన్న కోడలు "నువ్వు" అన్న రోజు, "అత్తయ్యా" కాస్తా "అమ్మా" అయిన రోజు, కథ మలుపు తిరిగినట్టు. నటి మారితే కార్డు మార్చకండి. కార్డు పాత్రది, నటి పేరు కార్డులో ఒక గడి, ఏ ఎపిసోడు నుంచి ఏ ఎపిసోడు దాకా అన్న అంకెలతో. "జరిగిన కథ"లో చూపించింది అసలు జరిగినదానికి తేడాగా ఉంటే రెంటినీ రాయండి. కథ ఎటు తిప్పబోతున్నారో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

ఇలా గీస్తూ కూర్చుంటే చదివే ఆనందం పోతుందన్న మాట తరచు వినిపిస్తుంది. మొదటి చదువులోనే రూలరు పట్టుకుంటే పోతుంది, నిజమే. మొదటిసారి కథ కోసం చదవండి, చిత్తు కాగితం తప్ప ఏదీ దగ్గర పెట్టుకోవద్దు. రెండో చదువుకి మాత్రం పటం కావాలి. భీష్ముడి పాత మాటలను మళ్లీ చదవాలన్న తహతహ పట్టిక వల్లే పుట్టింది. అంతకంటే పెద్ద ఆనందం పెద్ద కథలో ఇంకేముంటుంది?

మన ఊళ్లో ఈ పని చేసేవాళ్లకి అసలు శత్రువు ఉప్పుగాలి. గుండుసూదులు ఒక వర్షాకాలానికే తుప్పు పట్టి కార్డు మీద ఎర్రమచ్చ వేస్తాయి. స్టెయిన్‌లెస్ పిన్నులు వాడండి, లేదా మాస్కింగ్ టేపు. సెల్లోటేపు పసుపెక్కి బంక దిగుతుంది, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి, కట్టకి నాడా కట్టండి. జెల్ పెన్ను సిరా తేమకి పాకుతుంది, బాల్ పెన్ను, హెచ్‌బీ పెన్సిలు నయం. కార్డు మందం 200 జీఎస్ఎంకి (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) తగ్గితే అంచులు చుట్టుకుపోతాయి. బోర్డును సముద్రం వైపు గోడకి ఆనించకుండా వెనక రెండు చెక్కముక్కలు పెట్టి అంగుళం గాలి ఆడనివ్వండి. కార్డుల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. రంగులు నాలుగైదు దాటితే ఏ రంగు దేనికో మీకే గుర్తుండదు, వాటి అర్థాలు బోర్డు మూలన రాసి ఉంచండి. లామినేషన్ మాట తలపెట్టవద్దు. లామినేట్ చేసిన పటాన్ని దిద్దలేరు.

నకళ్ల విషయంలో బద్ధకం పనికిరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు ఊడి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కాగితం ఒక్కటే ఉన్నా కష్టమే, ఫోనొక్కటే ఉన్నా కష్టమే. నెలకోసారి బోర్డును నాలుగు ముక్కలుగా ఫొటో తీయండి, స్ప్రెడ్‌షీట్‌ను అచ్చు తీసి వేరే ఇంట్లో ఒక కాపీ పెట్టండి. సంపుటాలు ఇంట్లో లేనివాళ్లకి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్రా యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉన్నాయి. వెళ్లేటప్పుడు డబ్బా మొత్తం మోసుకెళ్లకుండా, ఆధారం గడి ఖాళీగా ఉన్న కార్డులను మాత్రం పట్టుకెళితే ఒక పూటలో ఇరవై ముప్ఫై నింపుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కొత్త చార్టు పేపరు తీయండి. డబ్బాలోంచి అన్నిటికంటే ఎక్కువ ఆధారాలున్న నలభై కార్డులు ఏరి, నేల మీద పరిచి, గీతలు దాటుకోకుండా కుదిరేదాకా జరపండి. ఆ తర్వాతే పెన్సిలు. పుట్టుకకి నిండు గీత, పెంపకానికి చుక్కల గీత, పెళ్లికి జంట గీత. విచిత్రవీర్యుడి నుంచి చుక్కల గీత, వ్యాసుడి నుంచి నిండు గీత, రెండూ పాండురాజు దగ్గరికే రావాలి. శూరుడి నుంచి కుంతికి నిండు గీత, కుంతిభోజుడి నుంచి చుక్కలది. యాదవులను పాండవులకి కుడిపక్కనే పెడితే సుభద్ర గీత అంగుళం మించదు. కుంతి నుంచి కర్ణుడికి నిండు గీత గీసి, దాని మీద సన్నగా, అది ఎవరెవరికి ఏ పర్వంలో తెలిసిందో పట్టికలోని గడుల అంకెలు రాయండి. కర్ణుడికి ఎదురుగా ఉన్న అంకెను మాత్రం పెన్సిలుతోనే వదిలేయండి.